ఉప్పునీళ్లలో ఐదో గీత

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. యాభై దాటాక, విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో, బీడీలు చుట్టే ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు చెప్పే ఒక పంతులమ్మ దగ్గర నేర్చుకున్నాను. అప్పటిదాకా ఈ కథ మా ఆయన నోటే నడిచింది. పెళ్లి పందిట్లోనైనా, చావింటి ముందైనా, నలుగురు కూర్చుంటే చాలు, చెప్పేవాడు. ఆయన కథలో సముద్రపు చేపలు పొగాకు అంటిన నా తంబాకు చేతుల వల్ల చచ్చాయి. విన్నవాళ్లు నా చేతులకేసి చూసి నవ్వేవాళ్లు.

తొంభైల మొదట్లో మేం మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల వాడ, దాజీ పేట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసేవాడు. ఒకసారి కార్ఖానా మాలక్ వెంట బొంబాయి పోయి, ఒక బట్టల వ్యాపారి ఇంట్లో గాజు పెట్టెలో సముద్రాన్ని చూసి వచ్చాడు. పగడపు రాళ్లట, వాటి మీద పువ్వుల్లా ఊగే ప్రాణులట. మనింట్లో కూడా పెడుతున్నామన్నాడు. పెడదామా అని అడగలేదు.

పక్కింటి మగ్గాల గోడకు ఆనిస్తే అదురుకు గాజు పగులుతుందని, కిటికీ దగ్గరే పెట్టాలన్నాడు. అది నేను కూర్చునే చోటు. ఆ వెలుతురులో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేదాన్ని. నా చేతికి వచ్చే పైసలు ఆ బీడీలవే. నన్ను పొయ్యి పక్కకు జరిపారు. ఎండ తగిలితే నీళ్లు పాచి పడతాయని పెట్టెకు గాజు కోసినాయన చెబితే, ఆ కిటికీకి గోనె కట్టాడు. వెలుతురు నాకూ లేదు, చేపలకూ లేదు. పైన రెండు ట్యూబ్‌లైట్లు పెట్టాడు, ఒకటి తెల్లది, ఒకటి నీలం.

పెట్టె కిందికి ఇనుప స్టాండు తెచ్చాడు. నూలుకు ఉప్పునీళ్లలో రంగులేసే రంగుల కార్ఖానాలో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఉప్పునీళ్ల పక్కన ఇనుము ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పాను. "చుప్ బస్" అని నోరు మూయించాడు. ఇంకా ఉప్పు పడకముందే, ఉత్త నీళ్లు చిందిన వారానికే స్టాండు కాళ్లు ఎర్రబడ్డాయి. పాత మగ్గం కర్రలతో ఇంకొకటి చేయించి, ఆ ఉపాయం తనదేనని వాడంతా చెప్పుకున్నాడు.

బొంబాయి నుంచి గాలి మిషిన్ తెచ్చాడు, నీళ్లు వడగట్టే మిషిన్ తెచ్చాడు. పక్కింటి మగ్గాల నుంచి ఎగిరే దూది నుసి రెండింట్లోనూ ఇరుక్కునేది. రోజూ దాన్ని తీసేది నేను. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ పెట్టె నింపిన బిందెలు మోసిందీ నేనే.

చివరికి ఉప్పు. పెట్టె కొలతలు చెబితే ఆ మిషిన్లమ్మిన దుకాణపాయన సముద్రపు ఉప్పు పొట్లం ఒకటి ఇచ్చాడు, ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఉప్పు ఎంత ఉందో చూడటానికి మా ఆయన రంగుల కార్ఖానా నుంచి గాజు కడ్డీ తెచ్చాడు. రంగు నీళ్లలో ఉప్పు చూసే కడ్డీ అది. నీళ్లలో వేస్తే నిలబడి తేలుతుంది. ఉప్పు ఎక్కువైన కొద్దీ పైకి లేస్తుంది, గీతలు బయటపడతాయి.

"పొట్లం మొత్తం పోసిన. ఇంకా ఐదో గీత కాడనే ఉన్నది. ఇరవై ఐదు రావాలె" అన్నాడు.

"ఈ పెట్టెకు ఒక్క పొట్లం చాలని దుకాణపాయన అన్నడని నువ్వే చెప్పినవ్ గదా."

"పుస్తకంల ఇరవై ఐదని రాసున్నది. నువ్వు చదివినవా?"

"నువ్వు చదివినవా?" అన్నాను.

పొయ్యి దగ్గర నుంచి మా అత్త అందుకుంది. "మొగనితోని గదేం మాటనే. మిషిన్ల పని చేసెటోనికి తెల్వదా, బీడీ ఆకులు కత్తిరించేదానికి తెలుస్తదా?"

ఆ పుస్తకం నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది. అంకెలు ఇప్పుడు నేనే చదవగలను. ఒకటి, చుక్క, సున్నా, రెండు, ఐదు. అది వేరే కొలత, మా కడ్డీ గీతలు వేరే కొలత. ఆయనకు ఇంగ్లీషు రాదు. ముందున్నవి వదిలేసి చివరి రెండంకెలు పట్టుకున్నాడు. రంగుల కార్ఖానా నుంచి బస్తా ఉప్పు తెచ్చి ఇరవై ఐదో గీత దాకా పోశాడు.

చేపలు రైల్లో వచ్చాయి. గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో నారింజ రంగువి రెండు, తెల్ల పట్టీలవి. ఇంకో సంచిలో పిడికెడంత రాయి, దాని మీద కదిలే పువ్వులు. వాడంతా మా ఇంట్లోనే ఉంది. నేను సంచిలో నీళ్ల చుక్క ఒకటి, పెట్టెలో నీళ్ల చుక్క ఒకటి నాలుక మీద వేసుకున్నాను.

"సంచిల నీళ్లు కన్నీళ్ల లెక్కున్నయ్. పెట్టెల నీళ్లు నాలుక కొరుకుతున్నయ్. జర ఆగు, చేపల్ని ఇప్పుడే వదలకు" అన్నాను.

"అరే, మాకు తెల్వకపాయె. కడ్డీ ఎందుకు తెచ్చినం, దీని నాలుక ముంచితే సరిపోతుండె" అన్నాడు. అందరూ నవ్వారు.

చేపల్ని వదిలాడు. అవి కిందికి దిగలేకపోయాయి. ఆ చిక్కటి ఉప్పునీళ్లు వాటిని బెండుముక్కల్లా పైకి తోశాయి. పక్కకు ఒరిగి, నోళ్లు తెరిచి, ఇంకా అందరూ చూస్తుండగానే ఆగిపోయాయి. రాయి మీది పువ్వులు ముడుచుకొని జిగురు కక్కాయి. మా ఆయన ముఖం చూసి, తప్పు నా మీదికే వస్తుందని ముందే తెలిసిపోయింది నాకు.

"తంబాకు చేతులు పెట్టింది నీళ్లల్ల. రోజూ మిషిన్ల పెట్టింది" అన్నాడు.

"ఇసం గదా తంబాకు" అంది మా అత్త.

"రేపటి సంది ఈ ఇంట్ల బీడీ చాట కనబడొద్దు" అన్నాడు మా ఆయన.

రెండు చేపల కోసం నేను బాధపడాలనుకున్నాను. కోపం పడనివ్వలేదు.

చేపలు వచ్చిన సంచిలో నీళ్లు నేను పారబోయలేదు. నీళ్లు పారబోసే అలవాటు మా వాడలో ఎవరికీ లేదు. పొడుగు స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టాను. మర్నాడు పొద్దున ఆయన పనికి పోయాక, గాజు కడ్డీ కడిగి ఆ డబ్బాలో వేశాను. ఊగి నిలబడింది. పైనుంచి గీతలు లెక్కపెట్టాను. ఇరవై ఐదు బీడీలకు కట్ట కట్టే చేయి, లెక్క తప్పదు. ఐదు. మళ్లీ లెక్కపెట్టాను. ఐదే.

డబ్బా, కడ్డీ పట్టుకొని కార్ఖానాకు పోయాను. ఆ మోతలో ఎవరి మాట ఎవరికీ వినబడదు. అందుకని మా ఆయన నిలబడ్డ మగ్గం పిడి లాగి ఆపాను. ఆ మగ్గం ఆగగానే పక్కవాళ్లు తమవీ ఆపి చూశారు. నూలు దింపడానికి వచ్చిన రంగుల కార్ఖానా తాత అక్కడే ఉన్నాడు; ఆ కడ్డీతో రోజూ ఉప్పు చూసేది ఆయనే. కడ్డీ వేసి డబ్బా ఆయన ముందు పెట్టాను.

"తాతా, ఇవి చేపలొచ్చిన సంచిల నీళ్లు. ఎంతున్నదో నువ్వే చెప్పు."

ఆయన వంగి చూశాడు. "ఐదు. బరోబర్ ఐదు."

"ఈయన ఇరవై ఐదు పోసిండు" అన్నాను.

"ఇంటికి పో" అన్నాడు మా ఆయన, నేల చూస్తూ.

పోయాను. కిటికీకి కట్టిన గోనె విప్పి, ఆ పెట్టె పక్కనే చాట ఒళ్లో పెట్టుకొని, నానిన ఆకు ఒకటి తీసి కత్తిరించాను.