దుంపల సలాడుకు చెక్ మెజర్‌మెంట్

1961 జూన్‌లో నన్ను కృత్తివెన్ను దగ్గర మురుగు కాలువ మీద కొత్తగా కడుతున్న పంపు స్టేషనుకు ఓవర్సీరుగా వేశారు. ఆ ప్రాంతంలో వానాకాలపు నీరు పొలాల నుంచి సముద్రంలోకి దానంతటది దిగదు. పోటు వచ్చినప్పుడల్లా వెనక్కి తన్నుకొస్తుంది. అందుకని తోడి పోయడానికి జర్మనీ నుంచి పంపు తెప్పించారు. దానితోపాటు వచ్చిన మనిషి హెర్మన్ గారు. ఆయన హోదా ఎరెక్టరు, అంటే యంత్రాన్ని బిగించి, నడిపి చూపించి మాకు అప్పగించేవాడు.

బిగింపు అయింది, నడిపి చూపించడమే మిగిలింది. ఈలోగా వానలు ముందే దిగి నారుమళ్లు మునిగాయి. రైతులు వచ్చి పంపు గట్టు మీదే కూర్చున్నారు. హెర్మన్ గారేమో మన కారం పడక అరటిపళ్లతో, బిస్కట్లతో నెట్టుకొస్తున్నారు. చివరికొకనాడు స్పానరు పక్కన పడేసి, వాళ్ల అమ్మగారు చేసే బంగాళాదుంపల సలాడు పెడితే తప్ప పని ముట్టనన్నారు. లేదంటే మర్నాటి సాయంత్రం బస్సులో గుడివాడ వెళ్లి రైలెక్కేస్తారట.

బందరు నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఆ సలాడు బాధ్యత నాకు అప్పగించారు. "మీరు క్రైస్తవులు కదండీ, దొరల వంట మీ ఇంట్లో అలవాటే కదా" అన్నారు. మా ఇంట్లో అలవాటున్నవి గోంగూర, ఎండుచేపలు. మా తాతకు బాప్తిస్మం ఇచ్చినవాళ్లు వంట నేర్పలేదని పై అధికారితో అనలేం కదా. సరేనండీ అన్నాను.

హెర్మన్ గారు ఇంగ్లీషులో చెప్పిన విధానం ఇది. దుంపలు తొక్కతోనే ఉడకబెట్టాలి. వేడి మీదే తొక్క తీసి పల్చటి బిళ్లలుగా కోయాలి. కోడిని ఉడికించిన నీళ్లు వేడిగా పోసి, వెనిగరు, ఆవముద్ద, సన్నగా తరిగిన ఉల్లిపాయ, నూనె, ఉప్పు, మిరియాలపొడి కలపాలి. అసలు దశ ఆ తరువాతది: మూత పెట్టి కొన్ని గంటలు కదపకుండా వదిలేయాలి, వేడి చేయకూడదు. ఇది నాకు వెంటనే అర్థమైంది. కాంక్రీటు పోశాక తడి గోనెలు కప్పి వదిలేస్తాం, దాన్నే క్యూరింగ్ అంటాం.

నా భార్య సువార్తకు మాత్రం ఇక్కడే పేచీ వచ్చింది. "ఇంటికొచ్చిన మనిషికి చల్లారిపోయింది పెడతామేంటండీ? పోపేసి వేడి చేస్తాను, మీరూరుకోండి" అంది. ఆమె చేతిలో అప్పటికే ఎండుమిరపకాయలు ఉన్నాయి. గిన్నెను ముందుగదిలో బల్ల మీద పెట్టి, తడిగుడ్డ కప్పి, కాలువ గట్లు చూసే లస్కరును పక్కన నిలబెట్టాను. అమ్మగారిని దగ్గరికి రానివ్వొద్దని ఆర్డరు. ప్రమాదం వంటింట్లోంచి వస్తుందనుకున్నాను. అది జీపులో వచ్చింది.

మా శాఖలో ఏ పనినీ చేసినవాడి మాట మీద ఒప్పుకోరు. ఓవర్సీరు కొలిచినదాన్ని అసిస్టెంట్ ఇంజనీరు మళ్లీ కొలవాలి, అది చెక్ మెజర్‌మెంట్. ఆపైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుది సూపర్ చెక్. విదేశీ నిపుణుడి భోజనం కాబట్టి ఇద్దరూ వచ్చారు. అసిస్టెంట్ ఇంజనీరు గారు స్పూను అడిగారు. శాంపిలు ఒక్కచోట తీస్తే చెల్లదని అంచుల్లో, నడుమ, అడుగున తీసి తిన్నారు. పులుపు సమంగా పట్టిందో లేదో తేలలేదని పైపొర నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆయన్ని ఆపే హోదా నాది కాదు.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు శాకాహారి. కోడినీళ్ల సంగతి తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అలాగని సూపర్ చెక్ మానడానికి లేదు. ఆ అధికారాన్ని జీపు డ్రైవరుకు బదలాయించారు. డ్రైవరు బందరు నుంచి ఖాళీ కడుపుతో వచ్చినవాడు, గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. ఆఫీసర్లను ఆపమని తనకు ఆర్డరు లేదని లస్కరు తరువాత వాదించాడు, అది న్యాయమే.

"పాసు చేసేయొచ్చండీ, బ్రహ్మాండంగా ఉంది" అంటూ డ్రైవరు గిన్నె తుడుస్తుండగా హెర్మన్ గారు పెట్టెతో సహా గుమ్మంలో నిలబడ్డారు. గిన్నెలోకి చూశారు, మమ్మల్ని చూశారు. బస్సు కోసం వెనక్కి తిరిగారు. నాకు నిజంగా భయమేసింది. ఆయన వెళ్తే గట్టు మీద కూర్చున్నవాళ్ల నారంతా కుళ్లిపోతుంది.

"ఆకలితో గుమ్మం దిగుతుంటే చూస్తా నిలబడతారేంటండీ!" అంటూ సువార్త అందరినీ తోసుకుని వచ్చింది. పొద్దుటి నుంచీ పొయ్యి దుంపలకే సరిపోయింది, ఇంట్లో వండినదేదీ లేదు. రాత్రి మజ్జిగ పోసి, తన కోసం ఉంచుకున్న చద్దన్నం ఉంది. అదే పళ్లెంలో వేసి, ఉల్లిపాయ తరిగి పెట్టింది. "వేడిది లేదండీ, ఏమీ అనుకోకండి" అని ఆయనతో తెలుగులోనే చెప్పి, సిగ్గుతో లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది. ఆమె లెక్కలో మా పరువు ఆ పళ్లెంతో పోయింది.

హెర్మన్ గారు కొంచెం నోట్లో పెట్టుకుని ఆగారు. చల్లగా, పుల్లగా, మెత్తగా ఉంది, కారం లేదు. పళ్లెం ఖాళీ చేసి మళ్లీ చాపారు. వంటను దాని మానాన వదిలేయడం తెలిసిన మనిషిని ఈ జిల్లాలో ఇప్పుడే చూశానని నాతో అన్నారు. పెట్టె మా ఇంట్లోనే వదిలి పంపు దగ్గరికి నడిచారు. చీకటి పడేలోగా నీరు సముద్రంలో పడింది, రైతులు కేకలు వేశారు.

అప్పగింత పూర్తయ్యేదాకా రోజూ అదే భోజనం పెట్టాలని, అసిస్టెంట్ ఇంజనీరు గారు చెక్ చేయాలని ఉత్తర్వు వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చారు. సువార్త గుమ్మంలోనే ఆపేసింది. "అది మా ఇంటి చద్దండీ. చెకింగులేవో పంపు దగ్గర చూసుకోండి" అంది. ఆయన వెళ్లిపోయారు.

తరువాత నేనూ అసిస్టెంట్ ఇంజనీరునై ఎన్నో పనులు తనిఖీ చేశాను. ఆ ఉదంతం నేర్పింది ఒక్కటే: తనిఖీ చేసేవాడు, అది ముగిశాక ఆ పని ఎవరికోసం మొదలైందో వాళ్లకు ఏమైనా మిగులుతుందా అని ముందుగా చూసుకోవాలి.