ప్రశ్నపత్రాలకు మార్కులు వేసిన చలపతిరావు మాస్టారు

పరీక్షలో ప్రశ్నపత్రమే తప్పిందని మీరెప్పుడైనా విన్నారా? వినలేదంటే చలపతిరావుగారిని మీరెరగరన్నమాట. మదీనాగూడ అవతల ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు. లోకంలో పంతుళ్లందరూ జవాబులు దిద్దుతారు. ఆయన ప్రశ్నలు దిద్దేవారు.

పంచాయతీ సమితి ఏటా అన్ని ఊళ్ల ఐదో తరగతి పిల్లలకూ ఒకే ప్రశ్నపత్రంతో ఉమ్మడి పరీక్ష పెట్టేది. పరీక్ష ముగియగానే చలపతిరావుగారు ఆ పత్రాన్ని బల్లమీద పరిచి, ముద్దాయిని బోనెక్కించినట్టు ఎగాదిగా చూసి, ఎర్ర పెన్సిలు అందుకునేవారు. "నాలుగో ప్రశ్న అస్పష్టం, రెండు మార్కులు. ఐదో ప్రశ్న అనవసరం, సున్నా." అన్నీ కూడి, మొత్తం ఇంత అని ఉత్తరం రాసి సమితికి పంపేవారు. ఆరేళ్లలో ఏ ప్రశ్నపత్రమూ ఆయన చేతిలో గట్టెక్కలేదు.

ఈ చాదస్తం బడి గడప దగ్గర ఆగేది కాదు. ఒకసారి జ్వరంతో దవాఖానకు వెళితే డాక్టరు "ఏమైంది?" అన్నాడట. "ఎక్కడ, ఎప్పటినుంచి అని విడదీసి అడగాలండి. పదికి మూడు," అని మూలిగారట మాస్టారు. బస్సులో కండక్టరు "ఎక్కడికి?" అంటే మాత్రం ఆయన ముఖం వెలిగిపోయేది.

"చూశారా! ఒకే మాట, ఒకే జవాబు. పదికి పది!"

"గా మార్కులు నేనేం జేసుకోను, పెద్దమనిషీ? జర చిల్లర ఇయ్యి!" అనేవాడు కండక్టరు.

1974 జనవరిలో ఆ బడికి సహాయోపాధ్యాయినిగా వచ్చిన రత్నమాలకు ఇరవై మూడేళ్లు. లోకాన్ని వచ్చే సోమవారానికల్లా బాగుచేసెయ్యాలన్నంత తొందర ఆమెది. మూడు నెలలపాటు హెడ్మాస్టరుగారి ఎర్ర పెన్సిలును చూసి లోలోపల నవ్వుకుంది. ఏప్రిల్లో ఫలితాలు వచ్చాక ఆ నవ్వు ఎగిరిపోయింది.

పద్నాలుగుమందిలో ముగ్గురే పాసయ్యారు. సగంమందైనా పాసవని బడిలో ఐదో తరగతి ఎత్తివేస్తామని సమితి నుంచి తాఖీదు వచ్చింది. ఇక ఐదు చదవాలంటే లారీలు తిరిగే బొంబాయి రోడ్డు వెంట కూకట్‌పల్లి దాకా పోవాలి.

పరీక్ష తప్పినవాళ్లలో భాగ్యమ్మ ఒకతె. ఆమె తండ్రి పోచయ్య ఆ మాట వినగానే బడికి వచ్చాడు.

"గంత దూరం ఆడపిల్లను తోలుతనా సారూ? ఐదు ఈడ లేకుంటె ఇగ బర్లెంట పంపుడే."

అతను వెళ్లగానే రత్నమాల హెడ్మాస్టరు మీద విరుచుకుపడింది. "మీ ఉత్తరాలతో వాళ్లకు కోపం తెప్పించారండీ! ఆ తీరికలో పిల్లలచేత నాలుగు జవాబులు బట్టీ పట్టిస్తే ఈ గతి పట్టేదా?"

ఆయన ఒక నోటుపుస్తకం తెరిచారు. ఏటా పరీక్ష మర్నాడు ఒక్కొక్క బిడ్డనూ పక్కన కూర్చోబెట్టుకొని, ఏ ప్రశ్నకు ఏం రాసిందో అడిగి అందులో ఎక్కించడం ఆయన పద్ధతి. "మీ ఊరి రేవు నుండి పడవ ప్రయాణము ఎట్లు సాగునో వ్రాయుము" అన్న ప్రశ్నకు భాగ్యమ్మ జవాబు ఇది: "మా ఊర్ల రేవు లేదు, పడవ లేదు. చెరువుల బర్రె ఉంది. మీద కూసుంటె అవుతలి గట్టుకు పోతది. టికెట్ లేదు."

"నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి. పడవెక్కితే వాంతులు," అన్నారాయన. "ఈ పిల్ల బర్రె మీద కూర్చుని క్షేమంగా గట్టు చేరిందమ్మా! దీనికి వాళ్లు సున్నా వేశారు. నేనెవరికి వెయ్యాలి సున్నా?"

భాగ్యమ్మ ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో, ఓదార్చాలి అనుకుంటూ రత్నమాల బయటికి నడిచింది. ఆ పిల్ల పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఎదురొచ్చింది.

"టీచర్, నాకు పంతొమ్మిది అచ్చినయ్! ప్రశ్నపత్రానికి పదకొండే!"

"ఎవరు చెప్పారే?"

"పెద్దసారు. పాపం, అది మల్లేడు మంచిగ తయారై అస్తదట. నన్ను గూడ రమ్మన్నడు."

రత్నమాల గిరుక్కున వెనక్కి తిరిగి హాజరుపట్టీలు ముందేసుకుంది. పరీక్ష తప్పిన పిల్లలు మళ్లీ బడి ముఖం చూడకపోవడం చుట్టుపక్కల ఊళ్లలో మామూలే. ఈ బడిలో ఆయన వచ్చాక కిందటేటి దాకా నలభై ఒక్కమంది తప్పారు. నలభై ఒక్కమందీ జూన్‌లో తిరిగివచ్చారు. సిగ్గుపడి ఇంట కూర్చున్న బిడ్డ ఒక్కరూ లేరు. ఎందుకంటే ప్రతి ఒక్కరికీ ప్రశ్నపత్రం కంటే ఎక్కువే వచ్చాయి.

ఆ వారమే సమితి విద్యాధికారి రామ్మోహనరావుగారు తనిఖీకి వచ్చారు. రత్నమాల ఆ పట్టీలనూ మాస్టారి నోటుపుస్తకాన్నీ సాక్ష్యంగా ఆయన ముందు పరిచి, ఊపిరి తీసుకోకుండా వాదించింది. ఆయన రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వేసవిలో మరోసారి పరీక్ష పెట్టించగలను. పిల్లలు చూసిన సంగతులే అడిగిస్తాను. అందాకా ఐదో తరగతి కదలదు. కానీ పైవాళ్లు ఆ ఉత్తరాలకు మండిపడుతున్నారండీ చలపతిరావుగారూ. ఆరేళ్ల తప్పు నాదేనని, ఇకమీదట రాయనని మీరు సంతకం పెట్టాలి."

"పెట్టకండి మాస్టారూ! ఇది అన్యాయం, అప్పీలుకు వెళదాం!"

"అప్పీలు తేలేసరికి భాగ్యమ్మకు మనవరాళ్లు పుడతారమ్మా," అంటూ చలపతిరావుగారు అధికారి అందించిన క్షమాపణ పత్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చదివారు. "అయ్యా, ఇందులో ‘సమితికి ఉత్తరములు వ్రాయను’ అని ఉంది. పిల్లలతో నోటిమాటగా చెప్పుకోవడం గురించి ఏమీ లేదే?"

రామ్మోహనరావుగారు పైకప్పు పెంకులు లెక్కపెట్టసాగారు. "అక్కడ రాసినంతవరకేనండీ."

సమితి పంపిన ఏ కాగితానికీ ఆరేళ్లుగా తలవంచని ఆ మనిషి కలం మూత తీశారు. తప్పంతా తనదేనన్న వాక్యం కింద, ఇంటిపేరుతో సహా, భాగ్యమ్మ కూడా కూడబలుక్కొని చదవగలిగినంత గుండ్రటి అక్షరాలతో సంతకం చేశారు.