ఒంటిగంటంబావుకు లేచే గీత

రిటైర్మెంట్‌కు రెండేళ్లు ఉన్నాయనగా, జూన్ మొదటి వారంలో, నన్ను మా పరిశోధన సంస్థలో కొలతల గదికి ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, మెట్రో లైను వెనక సందులో మూడంతస్తుల భవనం మాది. కింది అంతస్తులో, కిటికీ లేని మూలన ఆ గది. ఇరవై ఏళ్లు దాన్ని చూసుకున్న సరోజినీ మేడం మార్చిలో గుండెపోటుతో పోయారు. ఆవిడ దగ్గర పదేళ్లు పనిచేసినదాన్ని కనుక తాళంచెవి నా చేతికొచ్చింది.

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ అడిగారు కదా, "అమ్మమ్మా, ల్యాబ్‌లో ఎప్పుడన్నా భయపడ్డావా?" అని. యాసిడ్‌కు భయపడలేదు, మంటకు భయపడలేదు. ఒక గీతకు భయపడ్డాను.

మా పని ఇదీ. విద్యార్థులు చేసిన పదార్థాన్ని గాజుపలక మీద పలచని పొరగా పరుస్తారు. పొరకు రెండు వైపులా సన్నటి బంగారు పట్టీలుంటాయి. పలకను చీకటి డబ్బాలో మూసి, ఐదు వోల్టులిచ్చి, పొరలోంచి ఎంత కరెంటు పారుతుందో రోజంతా కంప్యూటర్‌లో నమోదు చేస్తాం. ఆంపియర్‌ను వందకోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో, అంత చిన్న కరెంటు. తడి తగిలితే కొలత చెడుతుందని డబ్బాలోకి ఎండుగాలి పంపుతాం. ఆ గాలినిచ్చే చిన్న కంప్రెసర్ చప్పుడు చేస్తుంది కాబట్టి పక్కనే నా క్యాబిన్‌లో పెట్టారు. నేను లేకుండా కొలతల గదిలోకి ఎవరూ వెళ్లకూడదన్నది నియమం.

ఆ ఏడాది గదిని ఎక్కువగా వాడింది రమ్య. పోచంపల్లి దగ్గరి చేనేత ఊరి పిల్ల. వాళ్ల నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో కుదిరాడు. రమ్యకు పీహెచ్‌డీలో అది ఆఖరి ఏడాది, ఫెలోషిప్ డిసెంబరుతో అయిపోతుంది. ఆమె తయారుచేసిన అణువులకు రెండు కొసలా హైడ్రోజన్ బంధాలు కుదిరే చోట్లున్నాయి. హైడ్రోజన్ బంధమంటే గట్టి ముడి కాదు, వదులు పట్టు. ఒకటి తెగినా పక్కనున్నవి నిలబెడతాయి. ద్రావణంలో వదిలేస్తే ఆ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వాటంతటవే పోగులౌతాయి.

"మా నాయిన పొద్దంత కూసోని పోగు పోగు అతికేటోడు మేడం. గీటికి అతికేటోళ్లే అక్కర్లేదు," అనేది రమ్య.

ఆ పోగుల వెంట కరెంటు బాగా పారుతుందని చూపడమే ఆమె థీసిస్.

జూలై నుంచి మొదలైంది. భోజనానికి గది తాళం వేసి, తిరిగి వచ్చి చూస్తే తెర మీద గీత లేచి ఉండేది. ఒంటిగంటంబావు దాటగానే నెమ్మదిగా, ఎవరో ఊపిరి పీల్చినట్టు, మామూలు కంటే నాలుగింతలు పెరిగేది. అరగంట నిలిచి, అంతే నెమ్మదిగా దిగేది. మిగతా రోజంతా నేలబారుగా ఉండేది.

మెట్రో అదురు అనుకున్నాం. రైళ్లు నాలుగైదు నిమిషాలకొకటి పోతాయి, గీత రోజుకొక్కసారే లేస్తుంది. వైర్లు మార్చాం. యూపీఎస్ మార్చాం. పొర లేని వట్టి పలక పెట్టి చూస్తే గీత కదల్లేదు. అంటే దేన్నో పసిగడుతున్నది ఆ పొరే. మేమిద్దరం గదిలో కూర్చుని కాపలా కాస్తే మాత్రం గీత లేవదు. రెండు దాటేదాకా చూసి, క్యాంటీన్‌లో ఇంత తిని వచ్చేవాళ్లం. మర్నాడు తాళం వేసి వెళితే మళ్లీ లేచేది. గదిలో ఎవరూ లేనప్పుడే.

అటెండర్ యాదగిరి ఆ గది ఊడ్వడం మానేశాడు. తలుపుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు.

"గామెనే ఒస్తున్నది మేడం. సరోజినమ్మ బువ్వ తినేది గప్పుడే గదా. ఒస్తది, జర సేపు కూసుంటది, పోతది."

"సోమవారం ఎందుకు రావట్లేదు మరి?" అన్నాను. లాగ్‌బుక్కులో సోమవారాలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"శివుని దినం. గీడికి ఎట్లొస్తది?" అన్నాడు, నాకంత కూడా తెలియదా అన్నట్టు.

నవ్వాను కానీ, ఆ తర్వాత తాళం తీసేటప్పుడు ముందు తలుపు మీద రెండుసార్లు కొట్టడం అలవాటైంది. ఎందుకు కొడుతున్నానో నన్ను నేను అడగలేదు.

రమ్యకు మాత్రం ఆశ పుట్టింది. పొద్దున తొమ్మిదికి వోల్టేజి ఇస్తున్నాం, నాలుగు గంటల తర్వాత బంధాలు సర్దుకుని కొత్త దారి తెరుస్తున్నాయేమో అంది. వాళ్ల గైడ్ గుంటూరాయన, సంబరపడిపోయారు. "ఇది పెద్ద జర్నల్‌కి వెళ్తుందండీ మేడం గారూ, మీరు కొలతల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేయండి చాలు," అన్నారు. నా సంతకం లేకుండా ఏ గ్రాఫూ థీసిస్‌లోకి పోదు. ఒక్కసారి పదకొండుకు మొదలుపెట్టి చూద్దామన్నాను. గీత ఒంటిగంటంబావుకే లేచింది. అణువులకు గడియారం తెలిసినట్టు. బంధాలు సర్దుకోవడమే కారణమైతే మూడు దాటాక లేవాలి.

ఆగస్టులో ఒక సోమవారం రమ్య నా క్యాబిన్‌కు డబ్బా తెచ్చింది. "అమ్మ సర్వపిండి పంపింది మేడం. జర తినుండ్రి."

"వద్దమ్మా, సోమవారం నాకు ఒక్కపొద్దు కదా. రాత్రికే భోజనం."

అని, లాగ్‌బుక్కు పేజీ మీద పెట్టిన చేయి అక్కడే ఆపేశాను. గీత లేవని రోజులు నేను క్యాబిన్‌లో అన్నం తినని రోజులు.

మంగళవారం రమ్యను గదిలో తెర ముందు కూర్చోబెట్టి, తలుపు తీసి ఉంచి, నేను క్యాబిన్‌లో ఎప్పటిలాగే భోజనం చేశాను. నన్ను నేనే కాపలా కాసుకుంటూ తిన్నాను. చేయి కడిగాను, టిఫిన్ గిన్నె కడిగాను, చేతి తువ్వాలు తడిపి పిండాను. చేయి దానంతటదే వెళ్లి ఆ తువ్వాలును కంప్రెసర్ మీద ఆరేసింది. వెచ్చగా ఉంటుంది, ఇంటికి పోయేలోగా ఆరిపోతుంది. సరోజినీ మేడం అలాగే ఆరేసేవారు. ఆవిడను చూసి ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు.

"మేడం," అంది రమ్య లోపలి నుంచి, గొంతు తగ్గించి. "లేస్తున్నది."

తువ్వాలు తీశాను. కాసేపటికి, "దిగుతున్నది," అంది. మళ్లీ వేశాను. మళ్లీ లేచింది. రెండు నెలలుగా ఆ గదిలోకి వచ్చి పోతున్నది నేనే.

తువ్వాలు కింద కంప్రెసర్ పక్కన ఒక సీసా ఉంటుంది. అందులోని సిలికా జెల్ గుళికలు గాలిలోని తడిని పీలుస్తాయి. పనిచేసినన్నాళ్లు నీలంగా ఉంటాయి, తడితో నిండితే గులాబీ రంగుకు మారతాయి. నెలనెలా చూసి ఫారంలో 'నీలం' అని టిక్కు పెట్టడం నా పని. రెండు నెలలూ పెట్టాను, తువ్వాలు ఎత్తి చూడకుండా. గుళికలన్నీ గులాబీగా ఉన్నాయి. తువ్వాలు తడిని కంప్రెసర్ గాలితోపాటు లాక్కుంటే, దాన్ని ఆపేవి లేక నేరుగా పొర దాకా పోయింది.

కొత్త గుళికలు వేసి, రెండు రోజులు ఆరబెట్టి కొలిచాం. గీత లేవలేదు సరే, మామూలు కరెంటు కూడా దాదాపు సున్నాకు పడిపోయింది. అసలు దెబ్బ అది. పోగులలో హైడ్రోజన్ బంధం కుదిరే చోట్లకు నీటి అణువులు వచ్చి చేరాయి. వాటి మీదుగా ప్రోటాన్లు ఒకదాని నుంచి ఒకదానికి గెంతుతూ పోతున్నాయి. మేం కొలిచింది పోగుల కరెంటు కాదు, వానాకాలం గాలి కరెంటు.

రమ్య కంప్యూటర్ ఆపేసింది. తర్వాత అంది, "మేడం, గీ తువ్వాలు సంగతి మనిద్దరికే ఎరుక."

"అవును," అన్నాను.

"చెప్పకుంటే?"

"సంతకం పెట్టాల్సింది నేను. ఇంకో ల్యాబ్‌లో ఎవరో ఎండుగాలిలో కొలుస్తారు. అప్పుడు పేరు పోయేది నీది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. "మీ తువ్వాలు నా ఐదేండ్లు మింగింది మేడం," అని తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం లాగ్‌బుక్కులో ఎర్ర సిరాతో రాశాను: తడి గుడ్డ, అయిపోయిన జెల్, తప్పుడు టిక్కులు, బాధ్యత ఇన్‌ఛార్జిది. నాకు మెమో వచ్చింది, సర్వీసు రికార్డులోకి ఎక్కింది. గైడ్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. రమ్య పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటూ, మధ్యాహ్నాలు వచ్చి కొలతలన్నీ మళ్లీ చేసింది. మరో ఏడాదిన్నర పట్టింది. తడి ఎంత ఉంటే ఎంత కరెంటు పారుతుందన్నదే చివరికి ఆమె థీసిస్ అయింది. దానికి పెద్ద జర్నల్ దొరకలేదు. డాక్టరేట్ వచ్చింది. గ్రాఫులన్నిటి మీదా నా సంతకం ఉంది.

ఈ ఉదంతం నేర్పింది ఇంతే. కొలతలో వింత కనపడితే మేం వైర్లను, రైళ్లను, చివరికి చనిపోయిన మనిషిని కూడా అనుమానించాం. కొలిచే మనిషిని జాబితాలో వేయలేదు. ఆ తర్వాత మా లాగ్‌బుక్కులో ఒక గడి చేర్పించాను: ఈ సమయంలో ఇన్‌ఛార్జి ఎక్కడున్నారు, చేతులతో ఏం చేస్తున్నారు. రిటైరయ్యే రోజు వరకు దాన్ని ఖాళీగా వదల్లేదు.