లక్షా మూడు

మొన్న పెద్దబాపు దశదినకర్మకు నస్పూర్ వెళ్తే, కాలనీ మూల మీద ఆయన ఫ్లెక్సీ కనిపించింది. మెడలో దండ, కింద ‘గణిత బ్రహ్మకు కన్నీటి నివాళి’. నాకు కన్నీళ్లు రాలేదు గానీ ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడండి, నేనేం అడ్డురాను. నన్ను మాత్రం అడగొద్దు.

పెద్దబాపు లెక్కల సారు. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు, ఇంట్లో ఏ సంగతి వచ్చినా అన్నను అడుగుదాం అనేవాడు. నేను పది పాసై ఇంటర్లో ఎంపీసీ చదువుతానంటే అదీ ఆయన దగ్గరికే పోయింది. ఆయన మా ఇంటికొచ్చి, మా అవ్వ ఇచ్చిన చాయ్‌ని సాసర్లో ఒంపుకొని జుర్రుతూ, చింపిన క్యాలెండర్ కాగితం వెనక ఒక సంఖ్య గీకాడు. 1,00,003.

“ఒకటితోని, గదే సంఖ్యతోని కాకుండ, ఇంక దేనితోనన్న శేషం లేకుంట భాగించి చూపెట్టు. చూపెడితే ఎంపీసీ. లేకుంటె కుట్టుమిషిన్.”

చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో ఆ సంఖ్య, నడుమంతా సున్నాలే! ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలింది, పదమూడుతో భాగిస్తే ఏడు మిగిలాయి. పోనుపోను నాకే ఒక కిటుకు తట్టింది. మూడువందల పదహారు దాకా చూస్తే చాలు, అంతకన్నా పెద్దదానితో శేషం లేకుండా పోయేదైతే దాని జోడీ కిందనే దొరికి ఉండాలి. ఆ సంతోషంలో అన్నం కూడా మర్చిపోయాను. వేళ్లు నొప్పి పుట్టాయి గానీ ఒక్కదానితోనూ పోలేదు. అంటే అది ప్రధాన సంఖ్య, దేనికీ లొంగదు.

తెల్లారి అదే చెప్పాను. పెద్దబాపు పకపకా నవ్వాడు.

“పదకొండుతోని పోతది పిల్లా! గా మాత్రం తెల్వదు, గీమె ఎంపీసీ చదువుతదట!”

బాపు తల వంచుకున్నాడు. నాకు ఉక్రోషం ఆగలేదు. అక్కడే పదకొండుతో భాగించి చూపించాను, రెండు మిగిలాయి. “చివర ఒకటుంటే పోతుండె పెద్దబాపూ. నువ్వు ఒకటికి బదులు మూడు రాసినవ్” అన్నాను.

ఆయన ముఖం కందగడ్డయింది. “నాకే తప్పులు పడుతున్నవా? ఆడపిల్లకు గింత నోరుంటే ఎట్ల? మిషిన్ నేర్పియ్ తమ్మీ!”

బాపు నన్ను మిషిన్ నేర్చుకోవడానికే పంపాడు. మంచిర్యాలలో ఈ రోజుకీ జాకెట్లు కుడుతున్నాను. ఇన్నేళ్లూ మనసుకు ఒకటే సర్దిచెప్పుకున్నాను: పాపం, ఆయనకు తన తప్పు తెలియలేదు.

భోజనాలయ్యాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. “బిడ్డా, గా దినమే ఇంటికొచ్చి లెక్క చేసుకున్నడు. పిల్ల చెప్పిందే నిజమన్నడు. జర పోయి చెప్పరాదుండ్రి అంటే, నా ఇజ్జత్ ఏం గావాలె అన్నడు.”

చెయ్యి విడిపించుకొని బయటికొచ్చేశాను. కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు. గడిచిన ప్రతి రోజూ, ఆయన వచ్చి ఆ ఒక్క మాట చెప్పగలిగీ చెప్పని రోజే అయినప్పుడు, ఎట్లా చల్లారుతుంది?