యాదమ్మ గారు చెప్పబోయిన మాట

చెంచాడు నీళ్లలో ఆస్పిరిన్ మాత్ర కరుగుతుంటే వచ్చే పుల్లటి వాసన నాకు ఏడేళ్లుగా అలవాటే. అయినా రోజూ పొద్దున్నే అది ముక్కుకు తగలగానే యాదమ్మ గారు గుర్తొస్తారు. మా బాబుకి ఇప్పుడు పదకొండేళ్లు. ఆ మందు గుటుక్కున మింగి, “పరుగుపందెంలో పేరివ్వనా అమ్మా?” అంటాడు. “డాక్టరు గారిని అడుగుదాం నాన్నా” అంటాను. నా నోటి దురుసు తెచ్చిపెట్టిన తంటా ఇది.

నేను గుంటూరు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు కాపురానికి వచ్చినప్పుడు మా ఎదురు వాటాలో ఉండేవారు యాదమ్మ గారు. నల్లగొండ పల్లె మనిషి. ఆరుగురు పిల్లల్నీ, మనవళ్లనీ సాకిన చేతులు. నేను ఉద్యోగానికి వెళ్తే మావాడు ఆవిడ ఒళ్లోనే పెరిగాడు. ఏ బస్సు ఎక్కాలో, ఏ కూర ఎంతకు బేరమాడాలో, ఈ ఊరంతా నాకు నేర్పింది ఆవిడే. అయినా నాకు లోలోపల చిన్నచూపు ఉండేది. ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది. నేను ఎమ్మే చదివినదాన్ని, ఆవిడ వేలిముద్ర.

బాబుకి నాలుగేళ్లప్పుడు జ్వరం పట్టుకుంది. వైరల్ జ్వరమే, తగ్గిపోతుందన్నారు వీధి చివరి డాక్టరు. ఐదో రోజుకూ తగ్గలేదు. ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు ఎర్రగా, పెదాలు పగిలి ఉన్నాయి. యాదమ్మ గారు వచ్చి వాడి కనురెప్పలు ఎత్తి చూశారు.

“జర ఇను బిడ్డా, గిది తల్లి...”

మేం అమ్మవారు అనేదాన్ని ఇక్కడ తల్లి అంటారు. ఒంటిమీద తట్టు కనిపిస్తే తల్లి వచ్చిందని వేపమండలు కట్టి, మందులు మానేస్తారని నా భయం. ఆ మాట వినగానే ఒళ్లు మండింది. “తల్లీ లేదు, గిల్లీ లేదు! ఆ వేపమండలు మా ఇంట్లోకి తేకండి” అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. వాడి దుప్పటి సరిచేసి వెళ్లిపోయారు.

వీధి చివరి డాక్టరు మందులే వేస్తూ వచ్చాను. పదకొండో రోజు వాడి వేళ్ల చివర తోలు ఊడిరావడం చూశాను. ఆటోలో ఎల్‌బీ నగర్ దగ్గరి పెద్దాసుపత్రికి పరిగెత్తాం. పిల్లాణ్ణి ఎత్తుకున్నది యాదమ్మ గారే. ఇది రక్తనాళాలకు వచ్చే వాపు అనీ, గుండెకు రక్తం అందించే నాళం ఒకటి అప్పటికే ఉబ్బిందనీ డాక్టరు చెప్పారు. “పది రోజుల్లోపు తెచ్చుంటే మందెక్కించి చాలావరకు కాపాడేవాళ్లమమ్మా. ఇప్పుడూ ఎక్కిస్తాం. ఎంత తగ్గుతుందో చెప్పలేం.”

బెంచీ మీద కూలబడ్డాను. యాదమ్మ గారు నా వీపు నిమిరారు. “గా దినం గదే చెప్పనీకొచ్చిన బిడ్డా. గిది తల్లి గాదు. తల్లయితే కండ్లల్ల పుసి గడ్తది, ముక్కు గారుతది. గిది వేరే ఏందో, పెద్ద దవాఖానకు పోదామని.”

“మరి మళ్లీ ఎందుకు చెప్పలేదండీ?”

“నువ్వు సదువుకున్నదానివి. నీకు తెల్వంది నాకేం తెలుస్తదని ఊకున్న.”

ఆ తర్వాత ఏనాడూ ఒక్క దెప్పుమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. జ్వరం తగ్గింది గానీ నాళం ఉబ్బు పూర్తిగా పోలేదు, అందులో రక్తం గడ్డకట్టకుండా రోజూ ఈ మాత్ర మిగిలింది. బాబు కుదుటపడ్డాక తప్పయిందని చెబుదామనుకున్నాను. అనుకుంటూనే ఐదేళ్లు గడిపాను, ఆవిడ పోయారు. ఇప్పుడు ఎవరు మాట్లాడినా చివరిదాకా వింటాను. మంచితనమని అందరూ అనుకుంటారు గానీ, అది భయం. మన తెలుగులో ‘కాదు’ వాక్యం చివర్న వస్తుంది. ఆ ఒక్క మాట వచ్చేదాకా ఆగలేకపోయాను.