గడ్డం, గ్యాస్ ముసుగు

మొన్న మద్దిలపాలెం డిపో ఎదుటి టీ కొట్టులో టీవీ మోగుతోంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మతాచారం పాటించవచ్చా, చట్టం ఏమంటోంది అని అందులో నలుగురు అరుచుకుంటున్నారు. నా పక్కనున్న కుర్రాళ్లిద్దరు టీ చల్లారకముందే ఆ తగువు తేల్చేసి బస్సెక్కిపోయారు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా తేలని సంగతి అది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరి శివార్లలోని ఒక కర్మాగారంలో నేను అగ్నిమాపక దళంలో ఉండేవాణ్ణి. నాతోపాటే చేరిన స్నేహితుడొకడు వన్‌టౌన్ నుంచి వచ్చేవాడు, కుట్టుపని చేసుకునే సాయిబుల ఇంటి బిడ్డ. నేనేమో శ్రీకాకుళం వైపు రైతుల ఇంటినుంచి వచ్చి కంచరపాలెంలో అద్దెకు దిగినవాణ్ణి. ఏ వరసా లేకపోయినా బావా అని పిలుచుకుంటూ, ఒకడి క్యారేజీ ఇంకొకడు తినేవాళ్లం. వాళ్ల నాన్నగారు పోయాక అతను గడ్డం పెంచాడు. ఇక జీవితాంతం ఉంచుకోవలసిన నియమమని నాతో చెప్పాడు. ఆ కార్తీకంలోనే నేనూ అయ్యప్ప మాల వేసుకున్నాను, నా గడ్డమూ మాసింది.

సరిగ్గా అప్పుడే కొత్త గ్యాస్ ముసుగులు వచ్చాయి. ముసుగు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యన వెంట్రుకలుంటే విషవాయువు దూరుతుంది కనుక దళంలో అందరూ నున్నగా గీయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మా అధికారి చెడ్డవాడు కాడు. మా ఇద్దరికీ ముసుగులు తొడిగించి, ఘాటు పొగ నింపిన గదిలో నిలబెట్టి చూపించాడు. ఇద్దరం దగ్గుకుంటూ బయటపడ్డాం. ఉత్తర్వులో అబద్ధం లేదని మా గొంతులే చెప్పాయి.

నాకు దారి దొరికింది. దీక్ష ముగిసేదాకా సెలవు పెట్టి, శబరిమల వెళ్లొచ్చి, గడ్డం తీయించుకుని మళ్లీ డ్యూటీలో చేరాను. అతని కోసం యూనియన్ పెద్దను వెంటబెట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లాం.

"మతం చూసి పెట్టిన రూలు కాదయ్యా ఇది. రేపు గ్యాస్ పీల్చి నువ్వు పడిపోతే మీ అమ్మకి నేనేం చెప్పాలి?" అన్నాడాయన.

బయటికొచ్చాక నా స్నేహితుడు, "నీ దీక్ష మండలం రోజులే. నాది ఊపిరున్నంత వరకూ. నానెన్నాళ్లు సెలవెట్టాల బావా?" అన్నాడు.

అతన్ని స్టోర్సుకి మార్చారు. ఒక మధ్యాహ్నం గొట్టం పగిలి గ్యాస్ లేచింది, సైరన్ మోగింది. అలవాటు కొద్దీ అతను స్టోర్సులోంచి పరిగెత్తుకొచ్చి మా బండి మెట్టుమీద కాలు పెట్టేశాడు. అప్పుడు గుర్తొచ్చి దిగిపోయాడు. నా ముసుగు పట్టీ తన చేత్తో బిగించి, "ఎల్లు బావా, జాగర్త" అన్నాడు. ఆ రోజు లోపల చిక్కుకున్నవాళ్లను ప్రాణాలతో బయటికి తెచ్చాం, అందరూ మెచ్చుకున్నారు, నాకు మాత్రం వెనక నిలబడిపోయిన అతనే కళ్లలో మెదిలాడు. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి వాళ్ల నాన్నగారి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

ఈమధ్య తలంతా కప్పే కొత్తరకం ముసుగులు వచ్చాయట, గడ్డం ఉన్నా ఫరవాలేదట. ఆ కబురు పట్టుకుని అతని కొట్టుకి వెళ్లాను. సూదిలో దారం ఎక్కక నా చేతికిస్తూ, "మంచిదే బావా, మన ఎనకాలోళ్లకి పనికొత్తాది" అన్నాడు. నా కళ్లకూ ఆ బెజ్జం ఆనలేదు.

ఆ రోజుల్లో ఈ సంగతి విన్నవాళ్లు "అయ్యో, మరెలాగ?" అని, జవాబు తెలియకపోయినా కాసేపు మాతో కూర్చునేవాళ్లు, మన ఈడువాళ్లకు ఆ కూర్చోవడం గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఎవరికి చెప్పబోయినా సగంలోనే ఆపి, తప్పు ఎవరిదో చెప్పమంటున్నారు. అదే తెలిస్తే ఇన్నేళ్లు మోసేవాణ్ణా?