చివరి గదిలో దగ్గు

నా పిల్లల మీద ఒట్టు, ఇది నాకు జరిగింది. నమ్మకపోతే మానెయ్యండి... వాదించే ఓపిక కూడా లేదు.

భద్రాచలం అడవి అంచున ఒక సబ్‌జైలు. ఊరి పేరు వద్దు. అక్కడ నేను వార్డర్‌ని. ఖాళీ పోస్టులు నింపరు. పగలు డ్యూటీ చేసినవాడినే ఆ రాత్రి కూడా ఉండిపోయాను. వాన. కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. బడ్జెట్ రాలేదన్నారు.

మొదటి గదిలో ముత్తయ్య. టేకు దుంగ దొరికిందని రిమాండ్‌కు పంపిన గూడెం మనిషి. సాయంత్రం నుంచి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. జైలర్‌కు ఫోన్ చేశాను.

"ఎస్కార్ట్ లేదు, బండి లేదు. పొద్దుగాల చూద్దాం తియ్యి," అన్నాడు.

"అప్పటిదాంక ఉంటడా సార్?"

"గోలి ఇయ్యి." పెట్టేశాడు.

తాళం తీసి, లోపల కూర్చుని, ముత్తయ్య నుదుటి మీద తడిగుడ్డ వేశాను. అప్పుడు... దగ్గు.

వరండా చివర నుంచి. కఫం నిండిన దగ్గు. ఆగింది... మళ్లీ.

చివరి గది ఖాళీ. కప్పు కారుతోందని ఎప్పుడో మూసేశారు. రిపేరుకు నిధుల్లేవు. ముత్తయ్య వైపు చూశాను. పెదవులు కదలడం లేదు.

టార్చి పట్టుకుని వెళ్లాను. టప్... టప్... కప్పు నుంచి నీళ్లు. ఊచల్లోంచి వెలుతురు వేశాను. ఎవరూ లేరు. బయట వాన కురుస్తూనే ఉంది... లోపల చుక్క పడడం ఆగిపోయింది.

చెవి పక్కనే, బొంగురుగా...

"ఆయన్నన్న తీస్కపో సారూ. నన్ను తీస్కపోలే."

కోపం లేదు ఆ గొంతులో. బాగా అలిసిపోయిన మనిషి మాట.

వెనక్కి ఎలా వచ్చానో తెలియదు. ఎవరినీ అడక్కుండా 108కి ఫోన్ చేశాను. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న నర్సింహ అడ్డు నిలబడ్డాడు.

"ఆర్డర్ లేకుండ తీస్తే నౌకరి పోతదన్నా."

"పోతే పోనీ. నువ్వు కాళ్ల దిక్కు పట్టు."

ఇద్దరం మోశాం. అంబులెన్సులో నేనే వెంట వెళ్లాను. "ఇంకింత లేటయితే దక్కకపోతుండె," అంది డాక్టరమ్మ. ముత్తయ్య బతికాడు. నాకు మెమో ఇచ్చారు.

తర్వాత నర్సింహను అడిగాను. "ఆ చివరి గదిల ఎవరన్న సచ్చిపోయిండ్రా?"

"నేనొచ్చినంక లేదు." గేటు తాళం లాగి చూసుకుంటూ, "అంతకుముందుది మనకెవరు చెప్తరన్నా," అన్నాడు.

నిద్ర లేక అలా వినిపించిందంటుంది మా ఆవిడ. అయ్యుండొచ్చు. నా మనసులో మాటే నాకు వినబడి ఉంటుంది. కానీ అదే అయితే... నన్ను నేను సారూ అని ఎందుకు పిలుచుకుంటాను?